మాట వినని వేలు: రాబర్ట్ షూమన్ జీవితం

మన గోడపత్రికలో ప్రతి నెలా ఒక గొప్పవారి జీవితం వేయడం ఆనవాయితీ. ఇప్పటిదాకా గురజాడ, కందుకూరి, దుర్గాబాయమ్మ, ఇలా మనకు తెలిసినవాళ్లే వచ్చారు. ఈసారి నా వంతు వచ్చింది. నేను ఒక జర్మనీ సంగీతకారుడి పేరు చెప్పేసరికి మేడమ్ కాస్త ఆశ్చర్యపోయారు. తెలుగు శాఖ గోడ మీద జర్మనీ ఆయన ఎందుకమ్మా అన్నారు. ఎందుకో చెప్పాలంటే ముందు నా చేతి సంగతి చెప్పాలి.

పోయిన రెండేళ్లూ ఈ చార్టుల మీద శీర్షికలన్నీ రాసింది నేనే. నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. మన మద్రాసులో చాలామందికి లాగే నాకూ బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు మా అవ్వ నేర్పింది, వాకిట్లో ముగ్గుపిండితో. అందుకే నా చేతిరాత అంటే నాకు కొంచెం గర్వం. పోయిన ఏడాది మూడో సెమిస్టరు పరీక్షల ముందు ఆ రాత చెడింది. పెన్ను పట్టుకోగానే చూపుడు వేలు కర్రలా పైకి లేచేది. బొటనవేలు లోపలికి ముడుచుకునేది. మణికట్టు తనంతట తానే పక్కకు మెలితిరిగేది. నొప్పి లేదు. పెన్ను కింద పెడితే చెయ్యి మామూలే. మల్లెపూలు కడతాను, సూదిలో దారం ఎక్కిస్తాను, ఫోనులో టైపు చేస్తాను. రాయడం ఒక్కటే కుదరదు.

ఇలా ఉంటే ఎవరు నమ్ముతారు? పూలు కట్టే చేతికి పెన్ను బరువైపోయిందా అని ఇంట్లో ఎగతాళి. చదవడం ఇష్టంలేక నాటకం అని బంధువులు. మొదట చూపించుకున్న డాక్టరు పరీక్షల భయం అన్నాడు, నిద్రమాత్ర రాశాడు. ఇంకా ఎక్కువ రాసి అలవాటు చేసుకో అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. నేనూ అదే చేశాను. రాత్రిళ్లు కూర్చుని పేజీలకు పేజీలు రాశాను. రాసినకొద్దీ ఇంకా పాడైంది. చివరికి ఒక నరాల డాక్టరమ్మ నా చేత నాలుగు పంక్తులు రాయించి చూసి, దీని పేరు డిస్టోనియా అని చెప్పింది. నా మొహం చూసి నవ్వి, షూమన్ గురించి చదువుకోమ్మా అంది. అలా దొరికాడు ఈయన నాకు.

పుస్తకాల అంగడి అబ్బాయి

రాబర్ట్ షూమన్ 1810 జూన్ 8న జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో జ్వికావు అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి ఔగుస్ట్ షూమన్ పుస్తకాలు అమ్మేవాడు, అచ్చువేసేవాడు, తానూ రాసేవాడు. ఇంటి నిండా పుస్తకాలే. పిల్లవాడు చదువుతూ పెరిగాడు, పియానో నేర్చుకుంటూ పెరిగాడు. కవి అవుదామా, సంగీతకారుడు అవుదామా అని ఊగిసలాడుతూ పెరిగాడు. మనలో చాలామందికి ఈ ఊగిసలాట తెలిసిందే కదా.

పదిహేనేళ్ల వయసులో అక్క ఎమీలీ చనిపోయింది. మరుసటి ఏడాది, 1826లో, తండ్రి పోయాడు. కొడుకు సంగీతానికి అండగా ఉన్నది ఆ తండ్రే. తల్లికి మాత్రం వీడు లాయరై నాలుగు డబ్బులు సంపాదించుకుంటే చాలని ఉండేది. తప్పు పట్టలేం, మన ఇళ్లల్లో అమ్మలు అనేదీ అదే. 1828లో షూమన్ లా చదవడానికి లైప్‌జిగ్ వెళ్లాడు. క్లాసులకు పెద్దగా వెళ్లలేదు. ఆ ఊళ్లో ఫ్రీడ్రిక్ వీక్ అనే పేరున్న పియానో గురువు ఉన్నాడని తెలిసి ఆయన దగ్గర పాఠాలు మొదలుపెట్టాడు. వీక్‌కు ఒక కూతురు, పేరు క్లారా. అప్పటికి ఆమెకు తొమ్మిదేళ్లు, అయినా కచేరీ చేయగలదు.

మరుసటి ఏడాది చదువు హైడెల్‌బర్గ్‌కు మారింది. అక్కడ ఉండగా 1830లో ఈస్టరు పండక్కి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి పగనీని వయొలిన్ విన్నాడు. పగనీని అంటే వేళ్లతో మాయ చేసేవాడని యూరప్ అంతా చెప్పుకునే మనిషి. ఆ కచేరీ విన్నాక షూమన్‌కు ఇక లా పుస్తకం మీద మనసు నిలవలేదు. ఆ జూలైలో తల్లికి ఉత్తరం రాశాడు, నేను సంగీతంలోకే పోతానని. తల్లి కంగారుపడి నేరుగా వీక్‌నే సలహా అడిగింది. శ్రద్ధగా నా మాట విని సాధన చేస్తే మూడేళ్లలో మీ అబ్బాయిని గొప్ప పియానిస్టుల వరసలో నిలబెడతానని వీక్ జవాబిచ్చాడు. ఆ అక్టోబరుకల్లా షూమన్ లైప్‌జిగ్ వచ్చి గురువు ఇంట్లోనే ఒక గది తీసుకుని దిగాడు. అప్పుడు అతనికి ఇరవై ఏళ్లు.

ఇరవై ఏళ్లంటే మనకు చిన్న వయసు. పియానోకు మాత్రం అది ఆలస్యమే. పక్కగదిలో పదకొండేళ్ల క్లారా నీళ్లు తాగినంత సులువుగా వాయించేస్తోంది. తనేమో చట్టం పుస్తకాలతో రెండేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. ఎలాగైనా అందుకోవాలి. ఈ తొందర గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే మలుపు తిరిగింది.

వేలు ఎదురుతిరిగింది

1831 సెప్టెంబరులో వీక్ కూతుర్ని తీసుకుని కచేరీలు చేయిస్తూ ప్యారిస్ దాకా వెళ్లాడు. తిరిగి వచ్చింది 1832 మే నెలలో. ఆ మధ్యలో షూమన్‌ను ఆపేవాళ్లు, చూసేవాళ్లు లేరు. ఒంటరిగా గంటల తరబడి సాధన చేశాడు. అతనికి డైరీ రాసే అలవాటు ఉండబట్టి అప్పటి సంగతులు మనకు తెలుస్తున్నాయి. హైడెల్‌బర్గ్‌లో ఉన్నప్పుడే ఒక వేలు మొద్దుబారినట్టుందని రాసుకున్నాడు. 1832 వేసవికి విషయం ముదిరింది. కుడిచేతి మధ్యవేలు పియానో మీద మాట వినడం మానేసింది. డైరీలో ఒక రోజు ఈ వేలు ఇక బాగుపడేది కాదేమో అని, మరికొన్ని రోజులకు పూర్తిగా బిగుసుకుపోయిందని రాసుకున్నాడు.

ఆ రోజుల్లో వేళ్లకు బలం రావాలని రకరకాల యంత్రాలు అమ్మేవారు. షూమన్ కూడా వేలిని పట్టి ఉంచే ఒక సాధనం వాడాడు. దానికి చుట్ట పేరుతో ఏదో ముద్దుపేరు కూడా పెట్టుకున్నాడు. ఆ యంత్రమే వేలిని పాడుచేసిందని తర్వాత వీక్ అందరికీ చెప్పుకొచ్చాడు. ఇప్పటికీ చాలా పుస్తకాల్లో షూమన్ అత్యాశకు పోయి యంత్రంతో వేలు విరుచుకున్న కథే కనిపిస్తుంది. వినడానికి నీతికథలా ఉంటుంది. కానీ డైరీ తేదీలు చూస్తే వేలి బాధ మొదలయ్యాకే యంత్రం కథ వస్తుంది. అంటే యంత్రం మందు కోసం వెతికే ప్రయత్నంలో భాగమై ఉంటుంది. బాధ పడినవాడి మీదే తప్పంతా తోసేసే అలవాటు లోకానికి అప్పుడూ ఉంది.

ఇక వైద్యాలు. మనవాళ్లు నా చేతికి వేడి ఆవనూనె, వాతనారాయణ ఆకు కట్టు, దిష్టి తీయడం అన్నీ చేశారు. షూమన్‌కు చేసినవి వింటే నా బాధ చిన్నదే అనిపించింది. మూలికల పిండికట్లు వేశారు. సారాయిలో చెయ్యి నానబెట్టమన్నారు. కరెంటు తగిలించారు. హోమియోపతి పొడులు ఇచ్చి పథ్యం పెట్టారు. అన్నిటికన్నా ఘోరం ఏంటంటే, అప్పుడే కోసిన పశువు కడుపులో, ఆ వేడి తగ్గకముందే చెయ్యి పెట్టి ఉంచమన్నారు. అది చెప్పింది నాటు వైద్యుడు కూడా కాదు, లైప్‌జిగ్‌లో పేరున్న డాక్టరు. పశువు గుణం తనకు అంటుకుంటుందేమోనని షూమన్ తల్లికి రాసిన ఉత్తరంలో వేళాకోళం చేశాడు. ఆ వేళాకోళం వెనుక ఎంత భయం ఉందో నాకు అర్థమవుతుంది. నేనూ మా అవ్వ ముందు అలాగే జోకులు వేశాను.

1832 నవంబరుకు అతను ఆశ వదులుకున్నాడు. ఎడమచేతి వేళ్లతో సరిపోతుంది గనక మళ్లీ చెల్లో వాద్యం పట్టుకుంటానని తల్లికి ధైర్యం చెప్పాడు. ఇరవై రెండేళ్లకే పియానిస్టు కావాలన్న కల ముగిసిపోయింది. గురువు అడిగిన మూడేళ్లు ఇంకా నిండలేదు.

అసలు జరిగేదేమిటి

ఇక్కడ కథ కాసేపు ఆపి, డాక్టరమ్మ నాకు చెప్పింది, తర్వాత నేను చదివింది చెప్తాను. ఇది తెలియకపోతే షూమన్‌కు ఏమైందో తెలియదు.

వేలు వంచాలంటే లోపలివైపు లాగే కండరం బిగియాలి, అదే సమయానికి పైవైపు లాగే కండరం వదలాలి. ఎవరు బిగియాలి, ఎవరు వదలాలి అన్నది మెదడు నిర్ణయిస్తుంది. ఆ పనిలో మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగానికి పెద్ద పాత్ర ఉంది. డిస్టోనియాలో ఈ సర్దుబాటు తప్పుతుంది. రెండు కండరాలూ ఒకేసారి బిగుసుకుంటాయి. పక్కవేళ్ల కండరాలు కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కలుస్తాయి. చెయ్యి మెలితిరుగుతుంది. చెయ్యి బాగానే ఉంది, ఎముక బాగానే ఉంది, నరం తెగలేదు. పైనుంచి వచ్చే ఆజ్ఞలోనే తేడా.

మెదడులో ఒక్కో వేలికి ఒక్కో చోటు ఉంటుంది. ఒకే కదలికను వేలసార్లు, తొందరగా, ఒత్తిడితో చేసేవాళ్లలో కొందరికి ఆ చోట్లు ఒకదాని మీదికి ఒకటి జరిగి కలిసిపోతాయి. పక్కపక్క గదుల మధ్య గోడ తీసేసినట్టు. అప్పుడు ఒక వేలిని పిలిస్తే రెండు పలుకుతాయి. అందుకే ఈ జబ్బు ఎక్కువ సాధన చేసేవాళ్లకే ఎక్కువ వస్తుంది. వృత్తిగా వాయించే సంగీతకారుల్లో నూటికి ఒకరికి ఇది ఉంటుందని లెక్క. ఎంత సాధన చేసినా అందరికీ రాదు, పుట్టుకతో వచ్చే లక్షణమూ కొంత ఉండాలి.

ఇంకో విచిత్రం, ఇది చాలామందికి ఒక్క పనిలోనే కనిపిస్తుంది. వాయించే చెయ్యి వాయించలేదు, కానీ రాయగలదు. రాసే చెయ్యి రాయలేదు, కానీ పూలు కట్టగలదు. చూసేవాళ్లకు నాటకంలా అనిపించేది ఇందుకే. నాటకం అనుకునే ఆ గుర్తే అసలు ఈ జబ్బుకు గుర్తు.

చేతికే కాదు, కొందరికి మెడ పక్కకు తిరిగిపోతుంది. కొందరికి కనురెప్పలు గట్టిగా మూసుకుపోతాయి. కొందరికి గొంతు బిగిసి మాట తెగుతుంది. చిన్నపిల్లల్లో కాలి దగ్గర మొదలై ఒళ్లంతా పాకే రకమూ ఉంది. కొన్ని రకాలు వంశంలో వస్తాయి. కొన్ని మెదడుకు దెబ్బ తగిలి, కొన్ని మందుల వల్ల వస్తాయి. మెడ తిరిగేవాళ్లు గడ్డం మీద ఒక వేలు ఆనిస్తే చాలు, కాసేపు మెడ నిలబడుతుంది. నాకు పెన్నుకు గుడ్డ చుట్టి లావు చేస్తే మూడు నాలుగు పంక్తులు సాగుతాయి. బుద్ధికి మాత్రం ఈ జబ్బు వల్ల ఏ లోటూ రాదు.

షూమన్ బతికున్నప్పుడు దీనికి పేరే లేదు. డిస్టోనియా అనే మాటను బెర్లిన్‌లో హెర్మాన్ ఓపెన్‌హైమ్ అనే నాడీవైద్యుడు పెట్టింది 1911లో. అప్పుడు కూడా ఒళ్లంతా మెలితిరిగే రకానికే ఆ పేరు. రాతలో చెయ్యి పట్టేసేవాళ్లను ఆ తర్వాత కూడా చాలాకాలం మనోవ్యాధి కింద జమకట్టారు. 1982లో లండన్‌లో షీహీ, మార్స్‌డెన్ అనే ఇద్దరు అలాంటివాళ్లను జాగ్రత్తగా పరిశీలించి, వీళ్లకు మనసు జబ్బేమీ లేదు, ఇదీ డిస్టోనియాయే అని చెప్పారు. అంటే మన అమ్మానాన్నలు పుట్టి బడికి పోయే కాలం దాకా కూడా, నాలాంటి పిల్లకు భయం అని మాత్ర రాయడమే వైద్యశాస్త్రం.

షూమన్ వేలి గురించి పండితులు పాదరసం మందు వల్ల అన్నారు, నరం దెబ్బతిని అన్నారు, చాలా చెప్పారు. జర్మనీలో సంగీతకారుల చేతులను వైద్యం చేసే ఎకార్ట్ ఆల్టెన్‌ముల్లర్ మాత్రం డైరీలు, ఉత్తరాలు పరిశీలించి, ఇది సంగీతకారులకు వచ్చే డిస్టోనియాయే అని వాదించాడు. నొప్పి లేకపోవడం, ఉన్నట్టుండి సాధన పెంచాక మెల్లమెల్లగా రావడం, వాయించేటప్పుడే బిగియడం, ఒత్తిడి, ప్రతిదీ లోపం లేకుండా రావాలన్న పట్టుదల, ఇవన్నీ సరిపోతాయి. నాకు ఆ వాదనే నిజమనిపిస్తుంది. నాది పండితుల దృష్టి కాదు, అదే చెయ్యి ఉన్నదాని దృష్టి.

కలం పట్టిన చెయ్యి

వాయించలేని ఆ చెయ్యి రాయగలదు అన్నాను కదా. షూమన్ మిగతా జీవితమంతా ఆ రాతే.

ముందు కష్టాలు ఆగలేదు. 1833లో ఒక అన్న, ఇంకో అన్న భార్య చనిపోయారు. ఆ అక్టోబరులో షూమన్ మనసు బాగా చెదిరింది. కిటికీలోంచి దూకేస్తానేమోనని భయపడి పై అంతస్తు గది ఖాళీచేసి కిందికి దిగాడు. ఆ చీకటిలోంచి అతన్ని బయటికి లాగింది ఒక పత్రిక. లైప్‌జిగ్‌లో కాఫీబౌమ్ అనే కాఫీ అంగట్లో స్నేహితులంతా సాయంత్రాలు చేరి సంగీతం గురించి వాదించుకునేవాళ్లు. ఆ వాదనలే 1834 ఏప్రిల్‌లో నోయె త్సైట్‌ష్రిఫ్ట్ ఫ్యూర్ మ్యూజిక్ అనే పత్రిక అయ్యాయి. సంగీతానికి కొత్త పత్రిక అని దాని అర్థం. పదేళ్లపాటు దాన్ని నడిపింది షూమనే. తనే రెండు మూడు మారుపేర్లు పెట్టుకుని, ఆవేశపరుడు ఫ్లోరెస్టాన్‌గా ఒకటి, నెమ్మదస్తుడు యూసేబియస్‌గా ఇంకొకటి రాసి, తనతో తానే వాదించుకునేవాడు. ఆ పత్రిక ఇప్పటికీ నడుస్తోంది. మన గోడపత్రిక వాళ్లం ఈ ఒక్క మాటకైనా ఆయనకు నమస్కారం పెట్టాలి.

ఇతరుల ప్రతిభను చూసి కుళ్లుకోకుండా మెచ్చుకోవడం ఆయనలో నాకు నచ్చిన గుణం. షోపాన్ అనే పోలండు యువకుడు జర్మనీలో ఎవరికీ తెలియనప్పుడు, 1831లోనే అతని గొప్పతనాన్ని చాటుతూ వ్యాసం రాశాడు. వియన్నా వెళ్లినప్పుడు, చనిపోయిన షూబర్ట్ అన్నగారి ఇంట్లో దుమ్ముపట్టి ఉన్న ఒక పెద్ద సింఫనీ రాతప్రతి చూసి, దాన్ని లైప్‌జిగ్‌కు పంపించాడు. 1839 మార్చిలో మెండెల్సన్ దాన్ని మొదటిసారి జనానికి వినిపించాడు. చివరిలో, 1853లో, బ్రామ్స్ అనే ఇరవై ఏళ్ల కుర్రవాణ్ని లోకానికి పరిచయం చేసిందీ షూమన్ వ్యాసమే. చెయ్యి పోయినవాడు బాగున్న చేతులన్నిటినీ మెచ్చుకుంటూ తిరిగాడు.

ఇక ఆయన సొంత సంగీతం. మొదటి పదేళ్లూ రాసినవి దాదాపు అన్నీ పియానోకే. కార్నవాల్, బాల్య దృశ్యాలు, క్రైస్లెరియానా, ఇవన్నీ తను స్వయంగా కచేరీలో వాయించలేని చేత్తో రాసినవే. టొకాటా అని ఒకటి ఉంది, పియానిస్టులను గడగడలాడించేంత కష్టమైనది. దాన్ని వాయించేటప్పుడు కుడిచేతి మధ్యవేలికి పెద్దగా పని పడదని గమనించినవాళ్లు చెప్తారు. ఆ మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

రాసినవి వాయించడానికి చేతులు కావాలి. ఆ చేతులు క్లారావి. పక్కగదిలో వాయించిన చిన్నపిల్ల పెద్దదై యూరప్ అంతటా పేరు తెచ్చుకుంది. ఇద్దరూ ప్రేమించుకున్నారు. వీక్ ఒప్పుకోలేదు. కోర్టు దాకా వెళ్లి అనుమతి తెచ్చుకుని, క్లారాకు ఇరవై ఒకటి నిండడానికి ముందురోజు, 1840 సెప్టెంబరు 12న పెళ్లి చేసుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు వియన్నా నుంచి ఆమెకు రాసిన ఉత్తరంలో షూమన్, చెయ్యి ఇంకా పాడవుతోందని దిగులుపడి, అయినా కుడిచెయ్యిగా నువ్వున్నావు కదా అని సర్దిచెప్పుకున్నాడు. పెళ్లైన ఆ ఒక్క ఏడాదిలోనే వందకు పైగా పాటలు కట్టాడు. ఆయన రాసిన ఒకే ఒక్క పియానో కచేరీ రచనను 1845 డిసెంబరులో డ్రెస్డెన్‌లో మొదట వాయించింది క్లారాయే.

ఇది చదివి, చూశారా, వేలు పోవడం వల్లే ఇంత మేలు జరిగింది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకూ అలా చెప్పి ఓదార్చేవాళ్లు ఉన్నారు. షూమన్ ఆ లోటును మరిచిపోలేదు. పక్కగదిలో భార్య వాయిస్తుంటే వింటూ రాసుకునేవాడికి ఆ బాధ ఉండదా? వేలు బాగుండి ఉంటే రాసేవాడు కాదని ఎవరు చెప్పగలరు? పోయింది పోయిందే. మిగిలినదాంతో చేసింది వేరే. రెండింటినీ ఒక లెక్కలో కూడకూడదు.

ఒకటి మాత్రం ఆయన తన తర్వాతవాళ్ల కోసం చేశాడు. 1848లో పిల్లల కోసం ఒక పియానో పుస్తకం రాశాడు. తర్వాత దానికి తోడుగా నేర్చుకునేవాళ్లకు కొన్ని సూత్రాలు రాసి ప్రచురించాడు. శబ్దం రాని పియానోలతో వేళ్లకు కసరత్తు చేయించడం దండగ అని, గంటల తరబడి యంత్రంలా వేళ్లు ఆడించడం అక్షరమాలను రోజురోజుకూ ఇంకా వేగంగా చదవడం లాంటిదని అందులో చెప్పాడు. తన వేలి పేరు ఎత్తలేదు. కానీ ఎక్కడినుంచి వచ్చిన మాటో మనకు తెలుసు.

చివరి రోజులు

1850లో షూమన్ కుటుంబం డ్యూసెల్‌డోర్ఫ్‌కు వెళ్లింది, అక్కడ ఆయనకు సంగీత నిర్వాహకుడి ఉద్యోగం. అది బాగా సాగలేదు. 1854 ఫిబ్రవరిలో చెవుల్లో లేని స్వరాలు వినిపించడం మొదలైంది. 27వ తేదీన ఇంట్లోంచి బయటికి వెళ్లి రైన్ నదిలో దూకాడు. పడవవాళ్లు పట్టి బయటికి తీశారు. తనవాళ్లకు తన వల్ల హాని జరుగుతుందేమోనని భయపడి, ఆస్పత్రికి పంపమని తనే అడిగాడు. బాన్ దగ్గర ఎండెనిక్‌లో ఉంచారు. రెండేళ్లకు పైగా డాక్టర్లు క్లారాను చూడనివ్వలేదు. ఆమె చూసింది చివరి రెండు రోజులే. 1856 జూలై 29న ఆయన పోయాడు. నలభై ఆరేళ్లు. ఈ చివరి జబ్బు వేరు, వేలి జబ్బు వేరు. వేలు బిగుసుకోవడానికి పిచ్చి కారణం కాదు, వేలి వల్ల పిచ్చీ రాలేదు. నాలాంటివాళ్ల ఇళ్లల్లో ఈ రెండూ కలిపి భయపడతారు గనక ఇది స్పష్టంగా చెప్తున్నాను.

క్లారా ఆ తర్వాత నలభై ఏళ్లు బతికింది. కచేరీలు చేస్తూ పిల్లల్ని పెంచింది, భర్త రచనలను ఊరూరా వినిపించింది, వాటిని సరిచూసి అచ్చువేయించింది.

షూమన్‌కు లేనివి ఇప్పుడు మనకు కొన్ని ఉన్నాయి. బొటులినమ్ అనే విషాన్ని అతి చిన్న మోతాదులో, తప్పుగా బిగిసే కండరంలోకి సూదితో ఇస్తారు. దాదాపు మూడు నెలలు ఆ కండరం నెమ్మదిస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. మాత్రలున్నాయి. ఒళ్లంతా వచ్చే గట్టి రకాలకు మెదడులో సన్నని తీగలు అమర్చి కరెంటు ఇచ్చే ఆపరేషను ఉంది. వేళ్లకు మొదటినుంచి మళ్లీ నేర్పించే శిక్షణ ఉంది. పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. అమెరికా పియానిస్టు లియోన్ ఫ్లైషర్‌కు 1960లలో కుడిచెయ్యి ఇలాగే ముడుచుకుపోయింది. ముప్పై ఏళ్లు ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెప్తూ గడిపి, ఈ సూదులు వచ్చాక మళ్లీ రెండు చేతులతో కచేరీ చేశాడు.

నాకు ఇప్పటికి రెండుసార్లు సూది వేశారు. నాలుగు పంక్తులు పది అయ్యాయి. పరీక్షకు రాసిపెట్టే మనిషిని ఇవ్వమని దరఖాస్తు పెట్టుకున్నాను. మేడమ్ సంతకం పెట్టి ఇచ్చారు. మీలో ఎవరికైనా, మీ చెల్లెలికో తమ్ముడికో, చెయ్యి గానీ మెడ గానీ రెప్ప గానీ ఇలా మొండికేస్తే, ఇంకా గట్టిగా సాధన చెయ్యమని మాత్రం చెప్పకండి. నరాల డాక్టరుకు చూపించండి.

ఈ వ్యాసమంతా నేను ఫోనులో టైపు చేస్తే, చార్టు మీద ఎక్కించింది నా పక్క బెంచీ అమ్మాయి. పైన శీర్షిక మాత్రం నాదే, ఎడమచేత్తో రాశాను. మా అవ్వ దగ్గర మొదటిసారి దిద్దినప్పుడు ఎలా వంకరగా వచ్చాయో అలాగే వచ్చాయి అక్షరాలు. చెరిపి మళ్లీ రాయనా అని అడిగింది తను. ఉండనీ అన్నాను.